సెకనుకి యాభై

ముల్లు ఆనకముందే మొదలవుతుంది,
మూతబిగించిన సీసాలో తుమ్మెదలా
గుయ్యిమని.

జోండో పళ్లెం ఆపాడు. హోరు ఆగలేదు.
మోటారు తీగ పీకేశాడు. ఆగలేదు.
"అయితే మోటారు కాదు," అన్నాడు,
తప్పుడు మనిషిని పట్టుకొచ్చి
వదిలేస్తున్న పోలీసులా.

పళ్లెం ఒక లారీ ఫ్లైవీల్.
కుతాయిసీ ఫ్యాక్టరీ మూసిన ఏడాది
జీతం బదులు చేతికొచ్చిన ఇనుము.
ఇనుము ముల్లులోని అయస్కాంతాన్ని లాగుతుందని
నా చలికోటు గుండ్రంగా కత్తిరించి పైన పరిచాడు.
నన్ను అడగలేదు.
పీఠం మా పాత వంటింటి తలుపు,
అక్రోటు చెక్క, గొళ్లెం మచ్చ అలాగే ఉంది.
ముల్లుని మోసే చేయి
అతని తమ్ముడి డేరాలోంచి తీసిన అల్యూమినియం గొట్టం.

ఇరవై ఆరేళ్లు ఆ ఫ్యాక్టరీలోనే
మోటార్లకు తీగ చుట్టాను నేను.
లోపల పోగు తెగితే
కంటికంటే ముందు వేలికి తెలిసేది.
ఆ సంగతి అతనికి గుర్తులేక కాదు.
టార్చి మాత్రం నా చేతికిచ్చాడు.

రెండో రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ని దూరంగా జరిపాడు.
కిటికీ దగ్గర పెట్టి, చెవి ఇటు ఉంచి,
కొంచెం కొంచెంగా తిప్పాడు.
ఒకచోట హోరు సన్నబడింది.
అక్కడ నేలమీద సుద్దతో గీత గీశాడు.
పొద్దున ఆ గీత మీదే కాఫీ ఒలికింది.

మూడో రాత్రి ఎర్తు.
ఈ భవనానికి ఎర్తు లేదు.
గోడల్లో రెండే తీగలు; మూడోదాన్ని
కట్టినవాళ్లు మరిచారో, మిగుల్చుకున్నారో.
రేడియేటర్ గొట్టానికి రాగితీగ చుట్టాడు.
ముప్పై ఏళ్లుగా వేడినీళ్లెరగని గొట్టం అది.
కింది అంతస్తులో ఎవరో కోసి అమ్ముకున్నారు కూడా.
హోరు తగ్గకపోగా పెరిగింది.
కింది ఇంటి ఓతియా చీపురు కర్రతో
పైకప్పు మీద తన అభిప్రాయం చెప్పాడు.

విసిగి జోండో ఆ గొట్టం మీద వేలు పెట్టాడు.
నిశ్శబ్దం.
తీశాడు. గుయ్యి.
పెట్టాడు. నిశ్శబ్దం.
"త్సియాలా! నేనే ఎర్తుని!"
ఆ రాత్రి ఒక వైపు మొత్తం
ఎడమచేతి వేలు చేయి మొదట్లో ఆనించి,
కుడిచేత్తో మొక్కజొన్న రొట్టె తింటూ విన్నాడు.
రెండో వైపుకి వేలు తిమ్మిరెక్కింది.

నాకు అప్పుడే తెలిసింది.
యాంప్లిఫైయర్ నుంచి వచ్చే ఎర్తు తీగ
చేయి కింది స్క్రూకి బిగించాడు, సరే.
ఆ స్క్రూ కింద మూడు పూతల వార్నిష్.
మెరుపు కోసం
డేరా గొట్టాన్ని కూడా వదల్లేదు మహానుభావుడు.

చెప్పలేదు.
ఆ నాలుగు రోజులూ
మోకాళ్ల గురించి గానీ, మందుల ధర గురించి గానీ
అతను ఒక్క మాట ఎత్తలేదు మరి.
టార్చి పట్టుకుని నిలబడటం
నాకూ బాగానే ఉంది.

ఐదో రాత్రి, వైర్లన్నీ ఊడదీయబోతుంటే
"స్క్రూ కింద గీకు," అన్నాను.
నన్ను చూశాడు. స్క్రూని చూశాడు.
జున్ను కోసే కత్తి తెచ్చి
గోరంత మేర గీకాడు, సొంత చర్మం గీకుతున్నట్టు.
బిగించాడు.

హోరు పోయింది.
పక్కవీధి కుక్క వినపడింది.
నా ఊపిరి వినపడింది.

అప్పుడు వేశాడు ఆ రికార్డు,
ఫ్యాక్టరీ గాయకబృందానిది,
మా పెళ్లికి ముందు ముద్రించింది.
ఆడగొంతులు లేచాయి. వాటి కింద
మళ్లీ అదే, బరువుగా, కదలకుండా.
జోండో స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"ఆగు."
ముల్లు ఎత్తాను. ఏమీ లేదు.
దించాను. ఉంది.
"తీగ కాదది. వెనకవరస మగవాళ్లు.
శ్రుతి పట్టుకుని నిలబడ్డారు.
ఎడమ చివర నువ్వు."

స్పీకరుకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.
"నేను ఇంత కిందికి పాడలేదు," అన్నాడు.
"పళ్లెం నిదానంగా తిరుగుతోంది.
రేపు బెల్టు చూడాలి."

టార్చిలో సెల్లులు అయిపోవచ్చాయి.
కొనుక్కురావాలి.